ఒకటిన్నర బంధం

ఆ రోజుల్ని తలుచుకుంటే ముందు నా అరికాళ్ళు దురద పెడతాయి. ఇరవై మూడేళ్ళ వయసు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా, ఒకచోట రెండు నిమిషాలు నిలబడలేని జబ్బు. ఇదీ అప్పటి నా ఆస్తి. తిరుగుతూ తినేదాన్ని, తిరుగుతూ చదివేదాన్ని. భీమిలిలో మా కింద వాటా వాళ్ళు పరీక్షల రోజుల్లో పైకొచ్చి, 'మీ అమ్మాయికి పన్ను నొప్పా? రాత్రంతా తిరుగుతోంది' అని అమ్మని అడిగి వెళ్ళేవారు. మావయ్య అయితే నాకు బొంగరం అని పేరే పెట్టేశాడు. అప్పట్లో చుట్టాల్లో సగం మందికి నా అసలు పేరే తెలీదు.

ఈ మావయ్య ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐస్ ప్లాంటుకి మేనేజరు. నేను అప్పటికే రెండు కాలేజీల్లో ఉద్యోగం కోసం డెమో క్లాసులు చెప్పి, 'సబ్జెక్టు ఉందమ్మా, నిలకడే లేదు' అనిపించుకుని ఇంటికొచ్చాను. మూడోది వన్ టౌన్‌లో ఒక జూనియర్ కాలేజీ. ఇది కూడా పోతే సోమవారం నుంచి ఐస్ ప్లాంటు గేటు దగ్గర కూర్చుని, వచ్చే పోయే బళ్ళ నంబర్లు రాయాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది.

'నువ్వు సదివింది కెమిస్ట్రీయే కదే! మా ప్లాంటు నిండా అమోనియాయే. ఏటి తేడా?' అన్నాడు మావయ్య. వేళాకోళానికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. పైగా 'నీకని కుర్సీ కూడా ఏయించీసేను' అని శుభవార్త చెప్పాడు. పొద్దుట్నించి సాయంత్రం దాకా కుర్చీ! నాకు పాఠాలు చెప్పుకుని బతకాలని ఉండేది, పిచ్చిగా ఉండేది. అది ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

డెమో రోజు భీమిలి బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. కాలు కాలిన పిల్లిలా డ్రైవరు దగ్గర్నుంచి వెనక మెట్టు దాకా నాలుగుసార్లు తిరిగితే, 'ఏటమ్మా, టికెట్లు నువ్వు కొట్టేత్తావా?' అన్నాడు కండక్టరు. కాలేజీలో వాళ్ళిచ్చిన పాఠం బెంజీన్, అందులో రెజోనెన్స్. నా పంట పండిందనుకున్నాను. ఆ ప్రశ్నకి నాకు పరీక్షలో పూర్తి మార్కులు వచ్చాయి మరి!

(సైన్సు వదిలేసిన వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను, భయపడకండి. బెంజీన్‌లో ఆరు కార్బన్లు గుండ్రంగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కాయితం మీద ఆ పట్టుని, అంటే బంధాన్ని, గీతలతో చూపిస్తాం. ఒకచోట ఒక గీత, పక్కన రెండు గీతలు, మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. రెండు గీతలున్న బంధం కాస్త పొట్టిది. ఆ జంట గీతల్ని పక్కింటికి జరిపి గీస్తే ఇంకో బొమ్మ వస్తుంది. రెండు బొమ్మలూ చూడ్డానికి న్యాయంగానే ఉంటాయి. ఈ రెండు బొమ్మల వ్యవహారమే రెజోనెన్స్.)

బోర్డుకి ఎడమ చివర ఒక బొమ్మ, కుడి చివర ఇంకో బొమ్మ గీశాను. 'బెంజీన్ ఒక క్షణం ఇలా ఉంటుంది' అని ఇటు చూపించి, అటు పరిగెత్తి 'మరుక్షణం ఇలా!' అన్నాను. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. పిల్లల తలలు నాతోపాటు తిరుగుతున్నాయి. ఆహా, క్లాసు నా గుప్పిట్లో ఉందనుకున్నాను. ఐదో పరుగులో చున్నీ బల్ల మేకుకి తగులుకుంది. నేను అక్కడే ఆగిపోయాను గానీ చేతిలో చాక్‌పీసు ఆగలేదు. అది ఎగిరి వెనక బెంచీలో కూర్చున్న వైస్ ప్రిన్సిపాల్ గారి ఒళ్ళో పడింది. ఆయన దాన్ని ఒకసారి చూసుకుని, జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు మూడో బెంచీలోంచి ఒక సన్నటి పిల్ల లేచింది. (పక్క సందులో టీ కొట్టు ఖాన్ గారమ్మాయని తర్వాత తెలిసింది.)

'మేడమ్, బెంజీను మీలాగ పరిగెడతన్నప్పుడు టక్కుమని ఫోటో తీసేమనుకోండి. అది ఏ బొమ్మలాగ పడద్ది?'

'ఏదో ఒకటి పడుతుంది' అన్నాను ధీమాగా.

'మరి ఆరు బంధాలూ ఒకే పొడుగని పుస్తకంలో ఉంది కదండీ? ఏ బొమ్మ పడినా పొట్టివి మూడు, పొడుగువి మూడు ఉండాల కదా?'

పరీక్షలో 'ఆరు బంధాలూ సమానం' అని రాసింది నేనే, దాని కిందే 'అటూ ఇటూ మారుతూ ఉంటుంది' అని రాసిందీ నేనే. రెంటికీ మార్కులేసేశారు. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని అప్పటిదాకా నాకు తట్టనే లేదు! వెనక బెంచీ కిర్రుమంది. నాకు మావయ్య వేయించిన కుర్చీ కళ్ళముందు కనబడింది.

'నాకు తెలీదమ్మా' అన్నాను. 'ఉండు, ఆలోచిద్దాం.'

చున్నీ ఇంకా మేకుకే ఉంది. నేనూ కదల్లేదు. ఆ రెండు బొమ్మల్నీ ఒకే చోటు నుంచి, ఒకేసారి చూడటం నాకదే మొదలు.

'ఫోటోలో ఈ రెండూ పడవు' అన్నాను నెమ్మదిగా. 'బెంజీన్ ఇదీ కాదు, అదీ కాదు. అక్కడున్న ప్రతి బంధమూ ఒకటిన్నర. ఒకటిన్నర గీత గీయడం మనకి చేతకాక రెండు బొమ్మలు గీసుకున్నాం. బెంజీన్ దాని మానాన అది, ఈ రెండిటికంటే కుదురుగా ఉంటుంది. పరిగెత్తేది మనమే. ఇందాకట్నించి నేను చెప్పింది తప్పు, కొట్టేయండి.'

'అయితే మా అబ్బా కొట్లో కాసే టీ లాగన్నమాట మేడమ్! ఓ గుక్కలో పాలు, ఓ గుక్కలో డికాషనూ తగలవు కదండీ. ఆకరి సుక్క దాకా టీయే.'

'అంతే!' అన్నాను. ఆ పిల్లని అమాంతం ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

వైస్ ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచి, 'మా దగ్గర పీటీ టీచరు పోస్టు కూడా ఖాళీగానే ఉందమ్మా' అన్నారు. 'మొదటి పావుగంట చూసి నీ పేరు దానికే రాశాను. చివరి ఐదు నిమిషాలూ చూసి కొట్టేశాను' అంటూ చాక్‌పీసు తీసి నా చేతిలో పెట్టారు. 'సోమవారం వచ్చెయ్.' బయటికొచ్చి మావయ్యకి ఫోను చేసి చెప్పాను. అంతా విని, 'ఓలమ్మ! మరా కుర్సీ ఏటి సేయమంటావే?' అన్నాడు.

మొన్న మా కాలేజీకి ఒక కుర్రాడు డెమో ఇవ్వడానికి వచ్చాడు. వెనక బెంచీలో నేను. అదే పాఠం, అవే రెండు బొమ్మలు, అదే పరుగు. ఫోటో ప్రశ్న అడుగుదామని చెయ్యి సగం ఎత్తి, దించేశాను. మోకాళ్ళు అరిగి, ఇప్పుడు పాఠమంతా కుర్చీలోంచే చెబుతున్నాను. నన్ను బొంగరం అనేవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. ప్రశ్న అడగకా తప్పదు, వాడు ఆగకా తప్పదు. ఇంకో రెండుసార్లు పరిగెత్తనీ పాపం అనుకుని, వాడితోపాటు నా తల కూడా అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.