నల్లరేగడి కింద ఒక కౌంటీ

టెక్సస్‌లోని ఫ్రిస్కోకు ఉత్తరంగా, కారులో గంటలోపు చేరగల దూరంలో, ఒకప్పుడు మన జిల్లా వంటి ఒక చిన్న కౌంటీ ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం చివరిలో పుట్టి, పట్టుమని పదేళ్ళయినా నిలవకుండా రద్దయిపోయింది. ఈ జ్ఞాపకాలలో ఎవరి పేరూ రాయకూడదని నియమం పెట్టుకున్నాను కనుక దానిని పాత కౌంటీ అనే పిలుస్తాను. పేరు రాసినా చదివేవారికి తెలిసేది కాదు. నేటి పటాలలో అది లేదు. నేను చూసిన చరిత్ర పుస్తకంలో దానికి దక్కినది ఒకే ఒక వాక్యం, ఆ వాక్యంలోనూ "విఫలమైన కౌంటీ" అన్న మాట. ఆ మాట మొదటిసారి చదివిన రోజున కలిగిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

నేను పుట్టిన తాలూకా కూడా ఇప్పుడు లేదు. మండలాలు వచ్చాక మా వైపు తాలూకాలన్నీ పోయాయి. అయినా మా తాలూకా విఫలమైందని ఎవరూ రాయలేదు. పరిపాలన సౌకర్యం కోసం ప్రభుత్వం ఒక గీత చెరిపి వేరే గీత గీసింది, అంతే. అక్కడ మనుషులు పుట్టారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పోయారు. గీత చెరిపినంత మాత్రాన అవన్నీ జరగకుండా పోవు.

రెండువేల పదకొండు నాటి వేసవి టెక్సస్‌లో ఉన్నవారెవరూ మరచిపోలేరు. నెలల తరబడి వాన చుక్క లేదు. ఇక్కడి రోడ్ల శాఖలో ఇంజనీరుగా నేను పదవీ విరమణ చేసి అప్పటికి కొంతకాలమైంది. ఇంట్లో కూర్చోలేక మధ్యాహ్నాలు పబ్లిక్ లైబ్రరీలోని స్థానిక చరిత్ర గదిలో గడిపేవాణ్ణి. చదివిన ప్రతిదానికీ నకలు రాసుకోవడం నా పాత అలవాటు. ఆ గదిని చూసుకునే వాలంటీరు ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, నిటారుగా నడిచేవారు. ఒకనాడు మనవాళ్ళం ఎవరినైనా మొదట అడిగే ప్రశ్నే ఆవిడనూ అడిగాను.

"మీది ఏ ఊరు?"

"నేనుండే ఊరా?"

"కాదు, మీ పెద్దలది."

ఆవిడ పాత కౌంటీ పేరు చెప్పారు.

"అది లేదు కదండీ," అన్నాను.

"మీరు కూడా మొదలుపెట్టకండి, మిస్టర్ ఇంజనీర్," అన్నారు ఆవిడ, కళ్ళజోడు మీదుగా నన్ను చూస్తూ.

ఆ తర్వాత ఆ కౌంటీ కథ కొంత ఆవిడ నోట, కొంత పాత వార్తాపత్రికల నుంచి విడివిడిగా సేకరించి క్రమంలో పెట్టుకున్నాను. అక్కడి నేల మా గుంటూరు వైపు ఉండే నల్లరేగడే. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే బండి చక్రాన్ని వదలదు. పత్తి కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలకు కోర్టు పనిపడితే పెద్ద కౌంటీ ముఖ్యపట్టణానికి వెళ్ళవలసి వచ్చేది. వాన పడితే ఆ దారిలో బండ్లు దిగబడేవి. అందుచేత తమకు వేరే కౌంటీ కావాలని వాళ్ళు శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు, సాధించుకున్నారు. నీరు నిలవని ఒక మెరక చూసి, దాని మీద రెండు గదుల చెక్క కచేరీ కట్టుకున్నారు. ఒక గదిలో కోర్టు, కోర్టు లేని రోజుల్లో అదే బడి. న్యాయాధికారి మిగతా వేళల్లో కిరాణా దుకాణం నడిపేవాడు. జ్యూరీకి సరిపడా మగవాళ్ళు దొరకడమే గగనమయ్యేదట. పంది దొంగతనం కేసులో ముద్దాయి ఒకడు తన కేసు కొట్టివేయగానే, బోనులోంచి దిగి, తర్వాతి కేసుకు జ్యూరీలో కూర్చున్నాడని ఆవిడ చెప్పినప్పుడు ఆ నిశ్శబ్దపు గదిలో ఇద్దరమూ పైకే నవ్వాం.

తర్వాత రైలు మార్గం వేరే దిక్కుగా పోయింది. వరసగా వానలు తప్పాయి. పన్ను కట్టగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పడమటికి బండ్లు కట్టారు. శాసనసభ కౌంటీని రద్దు చేసి పక్క కౌంటీలో కలిపింది. కచేరీ రికార్డు పుస్తకాలన్నీ ఒక బండిలో అక్కడి కోర్టు భవనానికి చేరాయి, కొన్నాళ్ళకు ఆ భవనానికి నిప్పంటుకుని బూడిదయ్యాయి. ఇందులో ఆ మనుషులు చేసిన తప్పేమిటో చెప్పమనండి. వాన పడకపోవడం వాళ్ళ వైఫల్యమా?

ఆవిడ అమ్మమ్మను కన్న తల్లి ఆ కౌంటీ బతికి ఉన్న కాలంలోనే కాన్పులో పోయింది. కచేరీ వెనక మెరక మీద, మరికొందరి పక్కన ఆమెను పూడ్చారు. బిడ్డను పక్క కౌంటీలో ఉన్న తన అక్కకు అప్పగించి భర్త పడమటికి వెళ్ళిపోయాడు. నాటి నుంచి ఆ ఇంటి ఆడవాళ్ళు ప్రతి వసంతంలోనూ ఆ మెరక మీదికి వెళ్ళివచ్చేవారు. సమాధిరాళ్ళు ఒక్కటొక్కటిగా రేగడిలోకి కుంగిపోయాయి. నేల నెర్రెలిచ్చినప్పుడల్లా రాయి కొంత దిగుతుంది, మళ్ళీ తడిసినప్పుడు మట్టి దాని మీద మూసుకుంటుంది. చివరికి మిగిలినవి, పాతకాలంలో సమాధుల చుట్టూ నాటే తెల్ల ఐరిస్ పూల దుంపలు మాత్రమే. భూమి సొంతదారులైన రైతు కుటుంబం ఏనాడూ ఆ మూల దున్నలేదు. ఇప్పుడా రైతు వారసులు పొలం మొత్తం ఇళ్ళు కట్టే ఒక బిల్డరుకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నారు.

"నాకు పిల్లలు లేరు," అన్నారు ఆవిడ. "నేను పోయాక ఆమె అక్కడుందని తెలిసినవాళ్ళు ఉండరు. దానికి సిద్ధపడ్డాను. కాని నేను బతికుండగానే ఆమె మీద ఎవరో గరాజ్ కడితే చూడలేను."

ఆ వారమే మా అమ్మాయి ఇంట్లో భోజనం చేస్తుండగా అల్లుడు ఒక పెద్ద కాగితం బల్ల మీద పరిచాడు.

"మామయ్యగారూ, ప్లాట్ మ్యాప్ చూడండి. మొత్తం రో అంతా ఈస్ట్ ఫేసింగ్. ఈశాన్యానికి స్లోప్. ఫ్రెండ్స్ అందరం కలిసి ఈ రో బుక్ చేసేశాం. ఇలాంటి లాట్స్ మళ్ళీ దొరకవు."

నేను కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. అదే పొలం. అదే మెరక. పాత కౌంటీని స్థాపించినవాళ్ళకు వాస్తు తెలియదు. వాన నీరు తూర్పుకూ ఉత్తరానికీ జారిపోతుందని వాళ్ళు ఎంచుకున్న చోటునే, వాస్తు చూసి మనవాళ్ళూ ఎంచుకున్నారు.

"ఈ వరసలో సమాధులున్నాయి," అన్నాను.

"సమాధులేంటి? టైటిల్ క్లియర్ అని బిల్డర్ చెప్పాడు కదా."

"ఏ కౌంటీ పుస్తకాలు చూసి చెప్పాడు?"

"మొదలెట్టారా?" అంది మా ఆవిడ. "అల్లుణ్ణి పెరుగన్నం తిననివ్వండి."

"నాన్నా, నీకు ఆ లైబ్రరీ తప్ప ఇంకేం లేదా?" అంది అమ్మాయి.

మరునాడు ఇప్పటి కౌంటీ కార్యాలయానికి వెళ్ళాను. కిటికీ వెనక ఉన్న యువతి మర్యాదగానే కంప్యూటరులో వెతికి, "లేని కౌంటీకి శ్మశానం ఎలా ఉంటుంది సార్?" అని నవ్వింది. బిల్డరు తరఫు లాయరు అయితే నవ్వలేదు. సమాధులున్నాయని రుజువైతే అక్కడ కట్టడం కుదరదన్నది ఈ రాష్ట్రపు చట్టమేనని ఒప్పుకున్నాడు. రుజువు చూపించడం మాత్రం మా పని అన్నాడు. రాళ్ళు లేవు, పుస్తకాలు లేవు, తవ్వి చూసే నిపుణులను పెట్టుకునే స్తోమత ఆవిడకు లేదు.

కాగితం లేనిచోట ఏం చేయాలో నాకు తెలుసు. అమెరికా రాకముందు కొంతకాలం కాలువ పనులలో ఉద్యోగం చేశాను. ఎవరి గట్టు ఎక్కడ ఉండేదో తేలనప్పుడు ఊరి పెద్దలు అయిదుగురిని ఆ చోటికే తీసుకువెళ్ళి, నిలబెట్టి, చూసినదీ విన్నదీ చెప్పించి, అక్కడికక్కడే రాసి సంతకాలు తీసుకునేవాళ్ళం. దానినే పంచనామా అంటాం. ఆవిడకు వివరించాను. తమ చర్చిలో నుంచి అయిదుగురు వృద్ధులను ఆవిడ కూడగట్టారు. పొలం ఇంకా చేతులు మారలేదు కనుక రైతు వారసులు అనుమతించారు.

ఒక ఉదయం ఆ మెరక మీద మడత కుర్చీలు వేసి కూర్చున్నాం. నేల పగుళ్ళలో అరచేయి దూరేంత సందు. ఎండిన ఐరిస్ ఆకులు వరసలు వరసలుగా, దీర్ఘచతురస్రాలు గీసినట్టు కనిపిస్తున్నాయి. టేపు పెట్టి కొలిచి పటం గీశాను. చర్చి వృద్ధురాలు ఒకరు, "బైబిల్ మీద ప్రమాణం చేయాలా?" అని అడిగారు. అక్కరలేదు, చూసినది చెప్పండి చాలునన్నాను. ఒకప్పుడు ఆ పొలం కౌలుకు దున్నినవాడి మనవలు, పత్తి మిల్లులో పనిచేసిన అన్నదమ్ములిద్దరు మాత్రం చెప్పడం మాని కొట్లాటకు దిగారు.

"సమాధులకు తగలకుండా తాత ఇక్కడ నాగలి పైకెత్తేవాడు. ఈ చెట్టు దగ్గర."

"ఈ చెట్టు అప్పటికి పుట్టలేదు, మొద్దూ! ఆ పక్క."

"నీకు అప్పటికి చూపే లేదు, కళ్ళజోడు కొన్నది ఆ తర్వాతే."

ఇద్దరి మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఇలా రాస్తే మనకు నష్టం కాదా అని ఆవిడ ఆందోళనపడ్డారు. అయిదుగురూ అక్షరం తేడా లేకుండా చెబితేనే నేర్పిన సాక్ష్యమని అనుమానించాలని ఆవిడకు నచ్చజెప్పాను. ఇక్కడ సమాధులున్నాయన్న విషయంలో అయిదుగురిదీ ఒకే మాట.

శుభ్రప్రతి తయారుచేసి, పటం జతచేసి, లాయరుకు పంపాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. మా స్థానిక జ్ఞాపకాలు ఎంతో ఆసక్తికరంగా ఉన్నాయట. పని అనుకున్న ప్రకారమే జరుగుతుందట. ఆసక్తికరం! కడుపులో ఉన్నదంతా బయటపెట్టిన అయిదుగురు పెద్దమనుషులను ఆ ఒక్క మాటతో కాలక్షేపం కథకుల్లో జమకట్టాడు.

ఆ మంట చల్లారకముందే ఆదివారం అల్లుడి స్నేహితుడొకరి ఇంట్లో భోజనానికి వెళ్ళవలసి వచ్చింది. కొత్త ఇళ్ళు బుక్ చేసిన కుటుంబాలన్నీ అక్కడే ఉన్నాయి. "అంకుల్ ఏదో పంచనామా చేశారటగా," అని ఒకతను ఆట పట్టించాడు. నేను ఆటగా తీసుకోలేదు. పాత కౌంటీ పుట్టుక నుంచి లాయరు జవాబు దాకా వరసగా చెప్పాను. వింటున్నవాళ్ళలో ఒక యువకుడి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అంకుల్, అంటే మా మాస్టర్ బెడ్‌రూమ్ కింద...?"

"మీది ఎన్నో ప్లాటు?"

చివరి నుంచి రెండోది అన్నాడు. నా పటం తీసి అతని ఇంటి ప్లాను పక్కన పెట్టి చూశాను.

"మీకు పడకగది కింద ఏమీ లేదు. వంటగది కింద ఉంది."

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ యువకుడి భార్య పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"నేను ఆ ఇంట్లో పాలు పొంగించను," అంది. "మీరేం చేస్తారో చేసుకోండి."

"లోన్ వడ్డీ రేట్ లాక్ చేసేశాం కదే!"

"అన్‌లాక్ చేయండి."

గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించకుండా మనవాళ్ళెవరూ ఇంట్లో కాలుపెట్టరు. ఆ ఒక్క మాట ఈమెయిళ్ళలో ఎక్కడెక్కడికి పాకిందో నాకు తెలియదు. ఆ వరసలోని ప్లాట్లన్నీ ఒకదాని వెంట ఒకటి రద్దయ్యాయి. కొత్తగా చూడడానికి వచ్చిన తెలుగువాళ్ళు కూడా కారు దిగకముందే, "శ్మశానం లాట్స్ ఏవి?" అని అడుగుతున్నారని అల్లుడు నిష్ఠూరంగా చెప్పాడు. కొన్ని వారాలలో బిల్డరు ప్లాను మార్చాడు. మెరక మొత్తాన్ని ఖాళీ పచ్చికగా వదిలి, ఐరిస్ దుంపలున్న మేర చిన్న ఇనుప కంచె, దానికొక గేటు పెట్టిస్తానన్నాడు. అల్లుడు గొణుక్కుంటూనే వేరేచోట ఉత్తరం ముఖం ఇల్లు తీసుకున్నాడు.

నాకు సంతోషం కంటే అవమానమే ఎక్కువ కలిగింది. అయిదుగురు సాక్షుల సంతకాలకు కదలని ప్లాను, పాలు పొంగించనన్న మాటకు కదిలింది. న్యాయంగా రావలసినది భయం వల్ల వచ్చింది. లైబ్రరీకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ మొదట కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

"ఆమె మీద ఇల్లు లేదు కదా? నాకు కావలసింది అంతే, మిస్టర్ ఇంజనీర్. ఎందువల్ల లేదన్నది మీ దగ్గరే ఉంచుకోండి."

కొంతసేపటికి నవ్వు తగ్గింది. "వాళ్ళందరూ ఆమెకు భయపడ్డారా?" అని అడిగారు.

నేను అవునన్నట్టు తల ఊపాను.

"చిన్నపిల్ల ఆమె. కన్న బిడ్డకు ఒక్కసారైనా పాలివ్వకుండా పోయింది. ఆమెను చూసి భయపడడమేమిటి?"

ఆ మాటను, పాలు పొంగించనన్న అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "నాకు తెలీదు అంకుల్. నేను దెయ్యం అనుకున్నాను గానీ, ఒక అమ్మ అని అనుకోలేదు," అంది.

ఆ చలికాలం వానలు పడ్డాయి. వసంతంలో ఐరిస్‌లు పూశాయని ఆవిడ కబురు చేస్తే నేనూ మా ఆవిడా వెళ్ళాం. మా వెనక కారులో ఆ అమ్మాయి వచ్చింది. చుట్టూ ఇళ్ళకు పునాదులు లేస్తున్నాయి. మెరక మీద మాత్రం తెల్లని పూలు వరసలు తప్పకుండా నిలబడి ఉన్నాయి. ఆవిడ కంచె లోపల, నడుము వంచి, ఒక వరస చివర మట్టి సర్దుతున్నారు. ఆ అమ్మాయి గేటు బయటే ఆగింది.

"ఆంటీ, ఆ బేబీ బతికిందా?"

ఆవిడ తలెత్తి చూశారు. "బతికింది. నాకు చదవడం నేర్పింది ఆమే. మా అమ్మమ్మ."

అమ్మాయి చెప్పులు విడిచి గేటు తీసింది.