పెంచలకృష్ణ, యూరియా క్యాన్లు

మా లారీ తోలే పెంచలకృష్ణది బిట్రగుంట. పదకొండేళ్లుగా అల్లూరు నుంచి మద్రాసుకు రొయ్యలు తోలతా ఉండాడు. మాట తక్కువ. అన్నం తిన్న గిన్నె తనే కడిగి బోర్లించి పోతాడు. మా ఆయన పోయిన కాడినుంచి మా ఇంటి ముందర హారను కొట్టడు. అట్టాంటి మనిషిని నేను దొంగ అనుకున్నాను.

ఈ కొత్త లారీల్లో పొగ శుభ్రం కావడానికి డీజిలు కాక ఇంకో ట్యాంకులో నీళ్లలాంటి మందు పోస్తారు. డ్రైవర్లు దాన్ని యూరియా అంటారు. పొలంలో చల్లేది కాదు. అది బాగలేకపోతే పసుపు లైటు వెలిగి బండి లాగదు. మొన్న వేసవిలో మా బండి మనుబోలు కాడ రెండుసార్లు అట్టనే చతికిలబడింది. రెండోసారి ఐసు కరిగి రొయ్యలు పాడైనాయి.

తక్కువకొస్తాయని మా ఆయన ఆ యూరియా క్యాన్లు ఒకేసారి లోడు తెచ్చి రేకుల షెడ్డులో పేర్చినాడు. అడిగినప్పుడల్లా నేనే తీసిస్తాను. సీలు చూసి ఇచ్చింది చెడ్డదెట్టా అవుతుంది? దోవలో అమ్ముకుని నీళ్లు కలుపుతున్నాడేమో అని మనసులో పడింది. పడినాక అన్నీ తేడాగానే కనపడినాయి. ఫోనొస్తే బయటికి పోయి మాట్లాడేది, కాళ్లకు కొత్త చెప్పులు, అన్నీ.

మా మరిది నరేంద్రబాబు రొయ్యల గుంటలు చేస్తాడు. గుంట నీళ్లలో ఉప్పు చూసే గొట్టం ఎప్పుడూ జేబులో ఉంటుంది. లారీ ట్యాంకులోంచి చుక్క తీసి దాని మీద వేసి, వెలుతురుకు పెట్టి లోపలి గీతలు చూసినాడు.

"గీతలు దాటిపోయింది వదినా. సముద్రంలో కూడా ఇంత ఉప్పుండదు. గుంట నీళ్లు కలిపినాడు వీడు."

"సముద్రాన్ని మించిన గుంట మీకు యాడుంది బాబూ?" అన్నాడు పెంచలకృష్ణ.

"తెలివి జాస్తి నీకు. రేపటి నుంచి రావద్దు."

పెంచలకృష్ణ నా వైపు తిరిగినాడు.

"మెకానిక్కుకు చూపించి తర్వాత పంపించండి అక్కా," అన్నాడు నాతో. "దొంగని పేరొస్తే నాకు ఎవురూ బండియ్యరు."

ముగ్గురం మనుబోలు హైవే మీద మెకానిక్కు జ్ఞానప్రకాశం షెడ్డుకు పోయినాం. ఆయన మా మరిది గొట్టం చూసి నవ్వినాడు.

"ఇది ఉప్పుకు చేసింది సార్. మంచి యూరియా వేసినా గీతలు దాటుద్ది."

యూరియాకు చేసిన గొట్టం ఆయన కాడ వేరే ఉంది. బంకులో అప్పుడే కొన్నది వేస్తే నూటికి ముప్పై రెండున్నర చూపించింది. అంతే ఉండాలంట. మా ట్యాంకులోది బాగా తక్కువుంది.

"నీళ్లే కదా మరి," అన్నాడు మరిది.

"సీలు తీయని క్యాను ఉందా అమ్మా?" అని జ్ఞానప్రకాశం అడిగినాడు.

వెంట ఒకటి తెచ్చినాం. నా చేతనే సీలు తీయించినాడు. మూత తిప్పగానే ముక్కు మండింది. గొట్టంలో చూస్తే అదీ ట్యాంకులో దానంతే. యాడ పెట్టినారో అడిగి, క్యాను మీద తేదీ చూపించినాడు.

"రెండు ఎండాకాలాలు రేకుల కింద కాగింది. వేడికి మందు విరిగి ఈ ఘాటైపోద్ది. ఇంకేం బాగుంటుంది?"

మా ఆయన చేత్తో పేర్చినవని ఆ క్యాన్లను ఎవరినీ కదిలించనీయలేదు నేను. కొత్తవి కొందాం అక్కా అని పెంచలకృష్ణ పోయినేడే అడిగినాడు. కమీషను కోసమేమో అనుకున్నాను.

"రేపు బండెక్కు కృష్ణా," అన్నాను.

ఎక్కినాడు. ఇప్పుడు యూరియా బంకులోనే కొంటాడు. కొన్న ప్రతిసారీ క్యాను మా వాకిట్లో దించి, నన్ను పిలిచి, నా ముందరే సీలు తీస్తాడు.

"అక్కర్లేదు కృష్ణా," అంటాను.

"చూడండక్కా," అంటాడు.

చూస్తాను.