అప్పన్న పాట కురచ చేయలేదు

పోయిన బహుళ పంచమినాడు బొబ్బిలి సంతనుంచి తిరిగి వస్తున్న గొర్రెల బేరగాడొకడు మా వీధి గుమ్మం ముందు ఆగి, తలపాగా విప్పి చేతపట్టుకొని, "బాబూ, అప్పన్న గురువు పోనాడు" అన్నాడు. "ఏ అప్పన్న?" అని అడిగాను. ఈ ప్రాంతంలో ఆ పేరుగల గురువు ఒక్కడేనని తెలిసీ అడిగాను. "తప్పెటగుళ్ళ అప్పన్న గురువు బాబూ. గంజి తాగి తొంగున్నాడు, తెల్లారి లెగనేదు" అన్నాడతను. ఆ మాట విన్నాక అతన్ని లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇమ్మని చెప్పడం కూడా మరచిపోయాను. మా ఇంట అటువంటి లోపం ఎన్నడూ జరగలేదు.

అప్పన్న పేరు ఇంతవరకు ఏ పత్రికలోనూ అచ్చుకాలేదు. సభలలో శాలువ కప్పించుకున్న విద్వాంసుడు కాడు. అక్షరం రాదు. గొర్రెలు కాచుకొని బ్రతికిన మనిషి. అయితే రొమ్మున గుండ్రటి తప్పెట కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు వేసుకొని, పధ్నాలుగుమంది శిష్యులను వలయంగా నిలిపి అతడు గొంతెత్తితే, నాగావళి ఈవలి గట్టున పాడినది ఆవలి గట్టున విని మెచ్చుకునేవారు. అతన్ని ఎరుగనివారికి ఎరిగించడం నా విధి అనుకొని ఇది వ్రాస్తున్నాను.

మనిషి పొట్టి. ఎడమ భుజం కొంచెం వంగి ఉండేది. చిన్నతనం నుంచీ కుంటి గొర్రెపిల్లలను ఆ భుజాన మోసినందువల్ల అనేవాడు. పాటకు ముందు వరిగడ్డి మంట వేసి ఒక్కొక్క తప్పెట తోలునూ సెగకు చూపి, చెవి దగ్గర పెట్టుకొని, వేలితో మీటి వినేవాడు. పధ్నాలుగు తప్పెటలూ తానే చూడాలి. "శిష్యులు చూసుకోలేరా?" అని ఒకసారి అడిగితే, "తోలు సెడితే జనం ఆళ్ళని తిట్టరు బాబూ, నన్నే తిడతారు. నాను తినాల్సిన తిట్టు నానే సూసుకోవాల గదా" అన్నాడు.

మా తాతగారి కాలంనుంచీ గౌరమ్మకు మా వైపు చేసే గైరమ్మ సంబరానికి అతని మేళానికి కొత్త బట్టలు, గజ్జెలు మా ఇంటినుంచే వెళ్ళేవి. మా భూములు చేయి దాటిన ఏడు అతన్ని పిలిపించి, ఇకమీదట మా గుమ్మానికి రానక్కరలేదని చెప్పాను. అతడు, "బట్టలు ఒద్దంటే మానేస్తాను. రావొద్దంటే ఎలాగ మానేది? మీ తాతగారు నన్ను రమ్మన్నారు గాని, ఎప్పుడు మానాలో సెప్పనేదు" అన్నాడు. ఆ తరువాత కూడా ఏటేటా వచ్చాడు. చినిగిన అంచు కుట్టుకున్న పాత బట్టలతోనే పాడాడు. ఎవరైనా అడిగితే, "ఈ గుడ్డలు పాటకి అలవాటుపడిపోనాయి" అని చెప్పేవాడట.

సంబరంలో అమ్మవారి ఎదుట ఒక పెద్దపీట వేస్తారు. దానిమీద మా వంశంవాడు కూర్చొని గురువుకు తాంబూలం ఇస్తేనే పాట మొదలవుతుంది. గురువు మంగళం పాడేదాకా పీటమీది మనిషి లేవరాదు. లేచిన పక్షంలో మరుసటి ఏడు పీట వేరొక ఇంటికి పోతుంది. అతడు కూర్చున్నంతసేపూ గురువు పాట వదలరాదు. ఆచారం ఇంతే. ఇందులో గాలివానకు మినహాయింపు లేదు. గాలివానలో పాడించాలని వెనుకటివారికి తోచి ఉండదు.

ఆ పరిస్థితి యుద్ధం రోజుల్లో వచ్చింది. చీకటిపడ్డాక దీపాలు పెట్టరాదని ఆంక్ష గనుక, ఆ ఏడు సంబరం ఊరి వెలుపలి మెట్ట గరువులో మధ్యాహ్నమే జరిపారు. చుట్టుపట్ల నుంచి ఆరు మేళాలు వచ్చాయి. మా భూములు కొన్న ఆమదాలవలస ధాన్యం షావుకారు కూడా కుటుంబంతో వచ్చాడు. భూమి ఎవరిదో పీట వారిదే కావాలని ఊరిలో కొందరు అప్పటికే అంటున్నారు. తక్కినవన్నీ పోయాక మాకు మిగిలినది ఆ పీట ఒక్కటే.

ఐదు మేళాలు పాడేసరికి తూర్పున ఆకాశం నల్లబడింది. చివరి మేళం అప్పన్నది; అతడు నా చేతినుంచి తాంబూలం అందుకున్నాడు. గైరమ్మ పుట్టింటికి వచ్చి, తిరిగి అత్తవారింటికి వెళ్ళే పాట అది, నలభై చరణాలు. నాలుగో చరణంలో చినుకు పడింది. పదో చరణానికి గాలి లేచి పందిరి ఎగిరిపోయింది. జనం బళ్ళ కిందికి దూరారు. అమ్మవారి మట్టి బొమ్మ కరిగిపోకుండా ఇద్దరు ఆడవాళ్ళు తాటాకు గిడుగులు పట్టుకొని నిలబడ్డారు. షావుకారు తన గూడుబండిలో నుంచి నాకు గొడుగు పంపించాడు. నేను తీసుకోలేదు. ఆయన మర్యాదే చేశాడని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తప్పెటల తోళ్ళు నాని తడిసిన గోనెలను కొట్టినట్టు మోగాయి. సెగ చూపుదామంటే గడ్డిమంట ఎప్పుడో ఆరిపోయింది. శిష్యులు బిక్కమొగాలతో గురువువంక చూశారు.

"ఏటి సూస్తన్నారు? తప్పెటలు ఇప్పీండి" అన్నాడు అప్పన్న.

"ఇప్పేస్తే ఏటి వాయించాల మావా?" అన్నాడు అతని మేనల్లుడు గవరయ్య.

"తప్పెట కట్టుకున్నది దేనిమీద? రొమ్ములు ఇంటికాడ ఒగ్గీసి వచ్చీనార్రా?"

పధ్నాలుగుమందీ తప్పెటలు విప్పి, తడిసిన వట్టి రొమ్ములమీద అరచేతులతో దరువు వేశారు. గజ్జెలు బురదలో కూరుకొని మూగబోయాయి. ఆ గాలిలో నాకు వినిపించినవి ఆ దెబ్బలు, అప్పన్న గొంతు. అంత గంభీరమైన వాద్యాన్ని ఏ ఆస్థానంలోనూ వినలేదు.

గిడుగు పట్టుకున్న ముసలామె ఒకతె ఉండబట్టలేక, "ఓలమ్మో! ఆ బాబు సూస్తే రాయినాగ కూకున్నాడు, ఈడు సూస్తే పూనకమొచ్చినోడినాగ పాడతన్నాడు. ఒకడు లెగడు, ఇంకొకడు ఆపడు. నా సేతులు పడిపోతన్నాయర్రా!" అని కేకవేసింది. బళ్ళ కింద జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వీడు నన్ను పరీక్షిస్తున్నాడు అనుకున్నాను. గైరమ్మ ప్రయాణంలో పది చరణాలు విడిచి మంగళం పాడితే అడిగేవారెవరు? నా పీట నిలుస్తుంది, అతని మేళమూ గట్టెక్కుతుంది. అతడు ఒక్క చరణమూ విడవలేదు. నలభయ్యో చరణం ముగించి, మంగళం పాడి, నాకు దణ్ణం పెట్టాడు. అప్పుడు లేచి నిలబడ్డాను. పీట మా ఇంటనే నిలిచింది.

తరువాత పదకొండు రోజులు జ్వరం. పన్నెండో రోజున అప్పన్న మేకపాల ముంతతో వచ్చాడు. అతనికీ జ్వరం తగిలి గొంతు బొంగురుపోయి ఉంది. నేను కోపం దాచుకోలేదు.

"ఒరే అప్పన్నా, పది చరణాలు తగ్గిస్తే అమ్మవారు కోప్పడేదా?"

"అమ్మ కోప్పడదు బాబూ. కన్నతల్లి, వానలో తడుస్తంటే సాల్లెమ్మని తనే అనేది."

"మరి?"

అతడు ముంత కిందపెట్టి అన్నాడు: "మీ తాతగారి ముందర నలభై పాడేను. మీ నాన్నగారి ముందర నలభై పాడేను. మీ ముందర ముప్పై పాడితే జనం ఏటంటారు? 'బాబు ఇల్లు సితికిపోయినాది గదా, గురువు జాలిపడి పాట కురస సేసీనాడు' అనరా? జాలిపడి నిలబెట్టిన పీట మీకెందుకు బాబూ?"

ఆ కాలంలో ఎందరో నన్ను చూసి జాలిపడ్డారు. కొందరు దానిని చాలా మర్యాదగా చేశారు. జాలిపడకుండా నన్ను గౌరవించినవాడు అతడొక్కడే.

ముంత నా వైపు జరుపుతూ అతడే, "ఒకటి సెప్తాను, కోప్పడకండి. ముప్పయ్యో సరణం కాడ మీరు లెగిసిపోతే బాగుణ్ణని మొక్కుకున్నాను. కాళ్ళు పీక్కుపోనాయి" అన్నాడు.

"నేను ఇరవయ్యో చరణం దగ్గరే మొక్కుకున్నాను, నువ్వు ఆపుతావని" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. మా ఇంట్లో చాలాకాలానికి వినిపించిన నవ్వు అది.

ఆ జ్వరం తరువాత అప్పన్న గొంతు పూర్తిగా కుదురుకోలేదు. పై స్థాయి అందక గవరయ్యకు విడిచేవాడు. దానికి ఎవరినీ నిందించలేదు. నన్ను నేను నిందించుకున్నప్పుడు, "గొంతు దాసుకుని ఏటి సేసుకుంటాను? పాతిపెడితే మొలుస్తాదా?" అని కసిరాడు.

మొన్న అతని పదోరోజుకు వెళ్ళాను. వాకిట్లో శిష్యులు తప్పెటలు సెగకు కాచుకుంటున్నారు. నన్ను చూసి గవరయ్య లోపలినుంచి పీట తెచ్చి వేశాడు. "కూకోండి బాబూ. మీరు కూకుంటేగాని మొదలెట్టకూడదు" అన్నాడు.

"ఇది గురువుగారి పాట గవరయ్యా. నేను నిలబడి వింటాను" అన్నాను.

గవరయ్య నా మొహంలోకి చూశాడు. మా వంశంలో తప్పెటపాట నిలబడి విన్నవారు లేరు. అప్పన్నను గారు అని పిలిచినవారూ లేరు. తాతగారు "ఒరే" అన్నారు, నాన్నగారు అన్నారు, నేనూ అన్నాను. అలా అనడం మా అధికారం అనుకున్నాము. అతడు బ్రతికి ఉండగా ఆ ఒక్క మాట నా నోట రాలేదు. ఇచ్చుకోవడానికి నా దగ్గర మిగిలిన మర్యాద అదొక్కటే. దానిని కూడా దాచుకున్నాను.

నలభై చరణాలూ పాడారు. నేను నలభై చరణాలూ నిలబడి విన్నాను. అటువంటి గురువు మళ్ళీ మా ప్రాంతానికి రాడు. అప్పన్న గురువుగారికి నా నమస్కారం.