రంగమ్మాళ్ గుప్పిడి

కోవిల్‌పట్టిలో లక్ష్మణసామి అంటే ఎవరికీ తెలియదు. ‘డూప్లికేట్’ లక్ష్మణసామి అని అడగండి, దారిన పోయేవాళ్లు కూడా ఆయన లేత్ షెడ్డు దాకా తీసుకొచ్చి వదిలిపెడతారు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో మిషన్ చక్రం పన్ను విరిగినా, ఇరుసు అరిగినా, కంపెనీ సామాను రావడానికి నెల పట్టేచోట ఆయన ఒక్క పూటలో అచ్చు అలాంటిదే చేసిచ్చేవాడు. ముప్పై ఏళ్లు చేశాడు. ఆ పేరు పెట్టి నవ్వినవాళ్ల మిషన్లన్నీ ఆయన చేసిన సామానుతోనే తిరిగాయి, అది వేరే సంగతి! తరవాత ఫోనులో నొక్కితే మర్నాటికి అసలు సామానే గుమ్మంలోకి రావడం మొదలైంది. పోయిన ఏడాదంతా మాడసామి ఒక్కడే నెలనెలా పంపు సామాను తెచ్చి చేయించుకున్నాడు, అదీ ఆగాక లేత్ మీద దుమ్ము చేరింది.

ఇల్లు గడిచేది భార్య రంగమ్మాళ్ జీతంతో. ఆమె ఆయనకు సొంత అక్క కూతురే. కళుగుమలై రోడ్డులో రంగరాజన్ ఫ్యాక్టరీలో అగ్గిపుల్లలు పెట్టెల్లో నింపేది. లెక్కపెట్టదు. కుప్పలో చెయ్యి పెట్టి తీస్తే సరిగ్గా పెట్టెకు పట్టినన్నే వస్తాయి. నలభై మంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని అలా నింపుతారు. అందరికీ ఆ గుప్పిడి నేర్పింది రంగమ్మాళే. శనివారం ఆమె జీతం తెస్తే లక్ష్మణసామి ముఖం తిప్పుకునేవాడు. పెళ్లాం సంపాదన తింటున్నానని లోలోపల కుమిలిపోయేవాడు. ఎలాగైనా నిలకడైన పని దొరికి, జీతం తాను తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. ఆయనకు కావలసింది అదొక్కటే.

అలాంటప్పుడు ఫ్యాక్టరీ యజమాని, అందరూ మొదలాళి అని పిలిచే రంగరాజన్, తానే షెడ్డుకు వచ్చాడు. ఆయనది విరుదునగర్, ఇంట్లో మన తెలుగే. పని కావాలంటే తెలుగు మాట్లాడతాడు, పదిమందిలో తమిళం.

“లక్ష్మణా, పంగుని నెల తిరునాళ్లకు విరుదునగర్ ఎగ్జిబిషన్లో మన స్టాలు పెడతాము. ఇదో, ఇది సూడు.” ఫోనులో ఏదో విదేశీ ఫ్యాక్టరీ రోబో ఫోటో. మనిషెత్తు, తెల్లటి తొడుగు, ఒంటి చెయ్యి. “అచ్చు దీని మాదిరే ఒగటి చెయ్యి. అగ్గిపెట్టె పట్టుకోని చెయ్యి ఊపితే చాలు, జనం నిలిచి సూస్తారు. బాగ వస్తే నీకు ఫ్యాక్టరీలోనే ఒక పని ఇస్తాను.”

చెయ్యి ఊపితే చాలట! ఊపడానికి చేలో దిష్టిబొమ్మ చాలదా? లక్ష్మణసామికి రోషం వచ్చింది. తన రోబో నిజంగానే పెట్టె నింపాలనుకున్నాడు. భుజానికి పాత మోపెడ్ పళ్లచక్రం, మోచేతికి గ్రైండర్ బేరింగు, కదలడానికి లారీ వైపర్ మోటారు. వేళ్లకోసం ఇంట్లోని సొట్ట అల్యూమినియం గిన్నెలు కరిగించి ఇసుకలో పోత పోశాడు.

“కూడు వండే గిన్నెను గూడ మింగినాదా నీ బొమ్మ!” అని రంగమ్మాళ్ తిట్టింది.

రోబో పుల్లలు తీసింది. ఒకసారి ఇరవై, ఒకసారి అరవై. వారం రోజులు వేళ్లు అరగదీశాడు, వంచాడు, మళ్లీ పోశాడు. చివరికి సిగ్గు విడిచి రంగమ్మాళ్‌నే అడిగాడు.

“వేలుతో కాదు మామా,” అని ఆమె నవ్వింది. “కొలతంతా ఈడ ఉండాది, బొటనవేలి కింద మెత్తలో. పుల్లలు ఈడ తగిలితే చెయ్యి తానే మూసుకుంటాది.”

నల్లరేగడి మన్ను తడిపి ఇస్తే అందులో గుప్పిడి బిగించి అచ్చు ఇచ్చింది. ఇన్నేళ్లకు మొగుడు తన పని గురించి అడిగాడని ఆమెకు ఎంత మురిపెమో! ఆ అచ్చుతో రబ్బరు అరచెయ్యి తయారైంది. ఆ సాయంత్రం రోబో పది పెట్టెలు నింపింది, ఒక్క పుల్ల తేడా లేదు. ఆలుమగలిద్దరూ చప్పట్లు కొట్టుకున్నారు.

విరుదునగర్‌లో స్టాలు ముందు జనం విరగబడ్డారు. రంగరాజన్ చాలాసేపు చూశాడు. తరవాత లక్ష్మణసామిని పక్కకు పిలిచి తెలుగులో అడిగాడు.

“ఇది నిజంగా నింపుతాదా, లేక ఏమన్నా మాయ చేసినావా?”

‘బొమ్మే మొదలాళీ, రెండు గంటలు ఆడితే విరిగిపోతాది’ అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. వరుసగా కూర్చున్న ఆడవాళ్లూ కళ్లలో మెదిలారు. కాని ముప్పై ఏళ్లుగా డూప్లికేట్ అనిపించుకున్న మనిషి, ఆ మాట మింగేశాడు.

“మాయ ఏమి లేదు మొదలాళీ. పొద్దంతా ఆడినా ఆగదు. మనిషి కంటె వేగంగా నింపుతాది.”

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. మూడు నెలలకు ఫ్యాక్టరీలోకి అలాంటి చేతులు ఎనిమిది వచ్చాయి. కోయంబత్తూరులో చేయించారు. అరచెయ్యి మాత్రం ఇక్కడిదే, నమూనాకని పట్టుకుపోయి అదే అచ్చు పోయించారు. రంగమ్మాళ్‌తో సహా ఆడవాళ్లందరినీ సోమవారం నుంచి రావద్దన్నారు. మొదలాళి మాట తప్పలేదు, మహానుభావుడు! లక్ష్మణసామికి పని ఇచ్చాడు, ఆ చేతులకు నూనె వేసే పని.

ఊరు లక్ష్మణసామిని ఒక్క మాట అనలేదు. మొగవాడు, పొట్టకోసం చేశాడన్నారు. ఆ గుప్పిడి అచ్చు ఆమెదేనని తెలిసి అందరూ రంగమ్మాళ్ మీదే పడ్డారు. పద్దెనిమిదేళ్లు ఆమె పక్కన కూర్చుని పుల్లలు నింపిన జోతి, కుళాయి దగ్గర తన బిందె పక్కకు లాక్కుంది.

“నేర్పినేది నువ్వే, పెరుక్కున్నేది నువ్వే. మా నోట్లో మన్ను కొట్టితివే అక్కా!”

రంగమ్మాళ్ ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. లక్ష్మణసామి మొదటి జీతం కవరు ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టలేదు.

“ఆ దినం ఎగ్జిబిషన్లో మొదలాళి నిన్ను ఏమన్నా అడిగెనా?”

“అడిగినాడు. నిజంగా నింపుతాదా అని.”

“నువ్వేమంటివి?”

“నింపుతాది అంటి.” ఆయన తల దించుకున్నాడు. “చేసేదాన్ని చెయ్యదని అబద్దం ఎట్ల చెప్పేది, రంగమ్మా?”

ఆమె కవరును ఆయన వైపు జరిపింది.

“పోయిన ఏడాది మాడసామి నెల నెలా పంపు సామాను తెచ్చి నీతో చేయించుకున్నాడే, ఆ రూకలు ఎవరివనుకున్నావు? నావి. నేనే ఇచ్చి పంపిస్తి. లేత్ తిరగకపోతే నువ్వు బతకవని. నీకోసరం నేను దినమూ అబద్దమే చెప్తి గదా మామా. నలబై ఇండ్ల కూటికోసరం నీ నోట ఒగటి రాలేదా?”

మర్నాడు పొద్దున ఆమె క్యారియర్ కట్టి అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. ఆయన అది తీసుకుని పనికి వెళ్లాడు.