ఎర్రనీళ్లలో పిండిన నిమ్మకాయ

కర్నూలు ఆసుపత్రి నుంచి మా అమ్మాయిని ఒట్టి చేతులతో ఇంటికి తీసుకొచ్చిన మధ్యాహ్నం, మేము ఆటో దిగకముందే మా వదిన ఇత్తడి పళ్లెం పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. పళ్లెంలో పసుపు, సున్నం కలిపిన దిష్టి తీసే ఎర్రనీళ్లు.

ఆరో నెలలో కడుపు పోయినప్పటి నుంచి పిల్ల ఎరుపును చూడలేకపోతోంది. వార్డులో ఎర్ర దుప్పటి కప్పితే కాళ్లతో తన్నేసింది. అందుకే దాన్ని ఆటోలోనే కూర్చోమని నేను ముందు దిగాను.

“వదినా, అవి పారబొయ్యి.”

“ఏం మాట్లాడతాండావు మ్మే? దిష్టి తియ్యకుండా గడప తొక్కిస్తావా? జరిగింది చాలదా?”

“దిష్టి వల్లే జరిగిందని నీకు ఏ డాక్టరు చెప్పినాడు?”

“నీ నోటికో దండం. పక్కకు జరుగు.”

ఇంకో రోజైతే ఆమెను గంటసేపు నిలబెట్టి కడిగేసేదాన్ని. ఆ రోజు నాకు కోపం కూడా రాలేదు. పళ్లెంలో పెట్టిన నిమ్మచెక్క తీసి ఆ నీళ్లలోనే పిండాను. ఎరుపు విరిగిపోయి, నీళ్లు పసుపురంగుకు తిరిగాయి.

“అయ్యో, ఏం చేస్తివే!”

“సున్నం పసుపు నుంచి ప్రోటాన్ లాక్కునింది, అందుకే ఎర్రబడింది. నిమ్మరసం ఇంకో ప్రోటాన్ తెచ్చి ఇచ్చింది. పసుపు మళ్లీ పసుపైంది. ఇప్పుడు తియ్యి నీ దిష్టి.”

“నీ ఇంటర్ పిల్లోళ్లకు చెప్పుకోపో!”

ఆమ్లం ఇస్తుంది, క్షారం పుచ్చుకుంటుంది. ఏటా కాలేజీలో చెప్పే పాఠమే. నా నోటి నుంచి వస్తుంటే పక్కింట్లో ఎవరో చెబుతున్నట్టు వినబడింది.

గొణుక్కుంటూనే వదిన పిల్లను దింపి, పళ్లెం మూడుసార్లు తిప్పింది. పిల్ల ఆ పసుపునీళ్లను చూస్తూనే నిలబడింది.

“లోపలికి పో తల్లీ. ఎనక్కి చూడాకు.”

వదిన నీళ్లు గేటు మూలకు విసిరింది. బిడ్డ వస్తుందని కొత్తగా సున్నం కొట్టించిన గోడ అది. పడిన చోటల్లా పసుపు చుక్కలు ఎర్రబడి కిందికి కారాయి. ఈ పాఠం చెప్పేదాన్ని నేను, నాకే తట్టలేదు.

చప్పుడుకు పిల్ల వెనక్కి తిరిగింది. కేక వేస్తుందని దాని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది.

“గోడకుండేది సున్నమే కదమ్మా,” అంది.

“ఊ.”

పిల్ల గోడ మీది నుంచి చూపు తిప్పుకోలేదు. వదిన బకెట్ తెచ్చి గోడ మీద నీళ్లు కొట్టింది. పిల్ల జరగలేదు. పాదాలు తడిశాయి, చీర అంచు తడిసింది. నేనూ జరగలేదు.