వెనక గంట కొడుతూ ముందుకు పోయిన బండి

మార్చి పన్నెండు, ఆదివారం. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, పక్క ఇండ్ల లైనులో ఉండే వైండింగ్ డ్రైవరు. పొద్దున తొమ్మిదికి మొదలు.

ఆ రోజు డైరీ పేజీ ఇట్ల మొదలవుతుంది. బంగారు గనుల టైం ఆఫీసులో ఏండ్ల తరబడి హాజరు రాసినవాణ్ణి. ఏ పనికైనా ముందు ఎవరెవరు ఉన్నారో రాసుకోనిదే చెయ్యి కదలదు. గనులు మూతపడినాయి గానీ ఈ అలవాటు మూతపడలేదు. వైండింగ్ డ్రైవరు అంటే షాఫ్టులోకి, అంటే గని బావిలోకి, మనుషుల్ని దించే ఇనుప బోనును పైనుంచి నడిపినవాడు. రిటైరైనా, మా గనుల కాలనీ చాంపియన్ రీఫ్స్‌లో అతన్ని అందరూ డ్రైవరనే పిలుస్తారు. ఎవరింట్లో మిక్సీ చెడినా, నీళ్ల మోటారు మొరాయించినా అతనికే కబురు పోతుంది.

ఆనాటి పని ఒక కరెంటు బండి. నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకొనేది. నాలుగు చిన్న చక్రాలు, ఒక కుర్చీ, ముందర ఒక బుట్ట. నా భార్యతో పాటు బడిలో పనిచేసిన టీచరమ్మ ఒకామె, తన తల్లి వాడిన బండిని బెంగళూరు నుంచి టెంపోలో వేసి పంపింది.

అంతకు ముందు ఏడాది నా భార్యకు పక్షవాతం తగిలింది. మాట తిరిగి వచ్చింది, నిదానంగా. కుడికాలు, కుడిచెయ్యి సగమే తిరిగి వచ్చినాయి. గేటు దాటాలంటే నా భుజం కావాల. దోవలో ఎవరైనా "ఎట్ల ఉండారు టీచరమ్మా?" అని అడిగితే, ఆమె మాట కూడదీసుకునే లోపల నేనే "బాగుంది, పర్వాలేదు" అనేసేవాణ్ణి. సాయం చేస్తున్నాననే అనుకొన్నాను. టెంపోలోంచి బండి దిగిన రోజు ఆమె చెప్పింది:

"ఇది బాగైతే సంతవీధికి నేను ఒక్కదాన్నే పోయి వస్తా. మీరు రాకూడదు. వెనకాల దాక్కుంటా కూడా రాకూడదు."

సరేనన్నాను.

అంతకు ముందు రెండు ఆదివారాలు బ్యాటరీలకే పోయినాయి. పాతవి రెండూ చచ్చిపోయి ఉన్నాయి. అదే కొలతవి దొరకలేదు. దొరికినవి వేలెడు ఎత్తు ఎక్కువై మూత పడలేదు. డ్రైవరు ప్లైవుడ్ ముక్కలు కోసి కొత్త మూత చేసినాడు. ఇంగ మిగిలింది లివరు. హ్యాండిల్ కింద ఒకటే లివరు. కుడి కొస లాగితే బండి ముందుకు, ఎడమ కొస లాగితే వెనక్కి. ఆమెకు బలమున్నది ఎడమ చేతిలో. దాన్ని తిరగేయాల.

ఏ రంగు వైరు యాడికి పోతుందో నేను డైరీలో బొమ్మ వేసుకుంటున్నాను. డ్రైవరు నవ్వినాడు.

"మోటారుకు పోయే వైర్లు రెండూ అటుదిటు చేస్తే ముందుది వెనక అవుతుంది, వెనకది ముందవుతుంది. దీనికి బొమ్మలెందుకు సారూ? నువ్వు రాసుకుంటా ఉండు, నేను చేసేస్తా."

చేసేసినాడు. నా భార్య కర్ర పట్టుకొని లేచింది. అతను ఎక్కనియ్యలేదు.

"షిఫ్టు మొదట్లో ఖాళీ బోనును ఒకసారి దించి ఎత్తినాకే మనుషుల్ని ఎక్కించాల. అది రూలు అక్కా."

వంటింట్లోంచి రాగుల మూట మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలతో నడుముకు కట్టినాడు.

"ఏమప్పా, అది నేనా?" అంది నా భార్య.

"మీరే అక్కా. బరువు చాల్లేదు. ఇంగొక మూట ఉండాదా?"

"ఆయన్ని కూర్చోబెట్టు. ఆయనా మూటే."

డ్రైవరు పక్కన నడుస్తూ ఎడమ కొస లాగినాడు. బండి ముందుకే పోయింది. పోతూ పోతూ, లారీ రివర్సు తీసేటప్పుడు వచ్చే పీ పీ మోత మొదలు పెట్టింది. వేగమూ సగమే. కుడి కొస లాగితే మోత లేకుండా ఒక్క దూకు వెనక్కి దూకింది. రాగుల మూట హ్యాండిల్ మీదికి ఒరిగింది.

మోటారు తిరగబడిందే గానీ, బండిని నడిపించే లోపలి పెట్టెకు ఆ సంగతి తెలియదు. తాను వెనక్కే పోతున్నాననుకొని గంట కొడుతున్నది. డ్రైవరు ముఖం చిన్నదైంది.

"లివరు వైర్లు మార్చాల్సింది, మోటారువి కాదు. తప్పు నాదే. అవి సన్నవి, సోల్డరింగ్ చేయాల. రేపు పొద్దున అతుకులేసే ఐరన్ తెస్తా. అంతదాకా బయటికి తీయొద్దక్కా."

నా భార్య తల ఊపింది. ఊపితే ఒప్పుకొన్నట్టని మేమిద్దరమూ అనుకొన్నాము. ఆ పూటకు కుడి కొస కింద రబ్బరు ముక్క అతికించినాము, దూకకుండా. ఆమె సాయంత్రం దాకా పెరట్లో పదహారు చుట్లు తిరిగింది. నేను లెక్క రాసినాను.

మరుసటి రోజు పొద్దున ఆరున్నరకు నేను మొహం కడుక్కుంటుంటే పీ పీ వినిపించింది. గేటు దగ్గరికి వచ్చేసరికి బండి లైను మలుపు తిరుగుతున్నది. పిలవలేదు. మాట ఇచ్చినాను కాబట్టి గేటు దాటలేదు. చెప్పులు మాత్రం వేసుకొన్నాను.

సంతవీధికి పోవాలంటే పెద్దరోడ్డు దాటాల. ఆ వేళప్పుడు నరసాపురం ఫ్యాక్టరీకి పనివాళ్లను తీసుకుపోయే బస్సులన్నీ ఆ రోడ్డు మీదే.

అంతలో డ్రైవరు సంచీతో వచ్చినాడు. "నిద్ర పట్టలే సారూ. యాడ అక్క?"

మోత వచ్చే దిక్కు చూపించినాను. ఇద్దరమూ నిలబడి విన్నాము. ఇండ్ల కప్పుల మీదుగా సన్నగా వస్తున్నది. అట్ల వస్తూ వస్తూ ఆగిపోయింది. వెంటనే బస్సు హారను.

నా కాలు గేటు బయట పడింది. డ్రైవరు రెక్క పట్టుకొన్నాడు.

"గంట ఆగితే బండి ఆగిందని అర్థం సారూ. పడిందని కాదు. గనిలో కిందవాళ్లు మళ్లీ గంట కొట్టేదాకా నేను ఇంజను మీద చెయ్యి పెట్టేవాణ్ణి కాదు."

"ఎంత సేపు?"

"వాళ్ల పని అయ్యేదాకా."

గడియారం చూడబుద్ధి కాలేదు. బస్సు కదిలిన చప్పుడైంది. ఆ తర్వాత పీ పీ మళ్లీ మొదలైంది. దగ్గరికి వస్తున్నదా, దూరంగా పోతున్నదా అని విన్నాము.

"దూరంగా పోతా ఉండాది," అన్నాడు డ్రైవరు. "రోడ్డు దాటింది."

కాలు లోపలికి తీసుకొన్నాను. అతను సంచీలోంచి సగం బయటికి తీసిన ఐరన్‌ను మళ్లీ లోపలికి తోసినాడు.

"ఈ మోత తీసేయాలా, ఉంచాలా సారూ?"

ఉంచమని చెప్పబోయినాను.

"ఆమె రానీ," అన్నాను. "ఆమెనే అడుగు."