కొంగ కుదరని శుభలేఖ

ఆ రోజుల్లో, అంటే అనకాపల్లిలో సెల్‌ఫోను కొన్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనిపించేలా పెట్టుకు తిరిగే కాలంలో, మనిషిని ఉద్ధరిస్తానని బోర్డు కట్టిన ప్రతివాణ్ణీ నేను నమ్మేదాన్ని. బడి మెట్లెక్కకుండా నాన్న దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని కాబట్టి బోర్డులంటే మహా గౌరవం. బెల్లం మార్కెట్ దగ్గర ఒక మేడకి "ఒరిగామి: కాగితం మడతల కళ, అందరికీ" అని బోర్డు వేలాడింది. వేసవిలో నెల్లాళ్ళు నేర్పుతారట. మా ఇంట్లో పెత్తనమంతా మేనత్తది. "ఎల్లు. ఆఖర్రోజు నేనొచ్చి సూత్తాను. పనికొచ్చేదేటైనా సేత్తే నువ్వడిగిన కంప్యూటర్ క్లాసుకీ పంపుతాను. లేదంటే ఇంట్లోనే కూకో" అంది. నాకు కావలసింది కంప్యూటరే. దానికి దారి కాగితం మీదుగా వేసిన భగవంతుడికి దణ్ణం పెట్టుకుని వెళ్ళాను.

మాస్టారు (మేం పెట్టుకున్న పేరు మడతల మాస్టారు) రోజూ సగం సేపు ఉపన్యాసమే ఇచ్చేవారు. ఈ కళకి కత్తెర అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు, పసిపిల్లల నుంచి పండు ముసలి దాకా ఎవరి చేతుల్లోంచైనా సృజన పొంగుతుంది అనేవారు. పొంగిన సృజన అందరికీ ఒకే కొంగగా తేలాలి; మెడ కాస్త పక్కకి తిరిగితే విప్పించి మళ్ళీ మడిపించేవారు. కాగితాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మా ఇంట్లో మిగిలే కాగితాలంటే పాత శుభలేఖలే. పసుపు రాసి వినాయకుడి బొమ్మ వేసినవాటిని చెత్తలో వెయ్యకూడదని, శారదా నదిలో కలిపేదాకా అత్త అటక మీద దాచేది. అవే పట్టుకెళ్ళాను. అట్టలాంటి ఆ కాగితం మడిచినచోటల్లా విరిగేది. పైగా ఎటు తిప్పి మడిచినా స్వామి వెళ్ళి కొంగ తోక కిందే కూర్చునేవాడు.

"మాస్టారూ, దేవుణ్ణి అక్కడ పెట్టలేనండి."

"కళలో దేవుడూ దెయ్యం ఉండవమ్మా. మడువు."

మడవలేదు. స్వామి ముఖం మీద గీత పడకుండా నాలుగంచులూ కిందికి వంచుకుంటూ పోతే మూతలాంటిది తయారైంది. ఇంకో శుభలేఖతో దానికి అడుగు చేశాను. మాస్టారు ఆ డబ్బాను రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "ఇది మిఠాయి కొట్టు పని" అని బల్ల చివరికి తోసేశారు. (మాడుగుల హల్వా కొట్లవాళ్ళు వింటే నొచ్చుకుందురు.)

ఆఖర్రోజు అత్త వచ్చింది. బల్లనిండా కొంగలు.

"ఇయ్యేటి బాబూ?"

"కొంగలండి. శాంతికి గుర్తు."

"కొంగలే సూడాలంటే కొండకర్ల సెరువు కాడికెల్తే సరిపోను గదా. దీనికి నెల్లాళ్ళు కూకోడమేటి?"

నా కంప్యూటరు కళ్ళముందే వెళ్ళిపోతోందని మనసులో స్తోత్రం అందుకున్నాను. అత్త చెయ్యి బల్ల చివర ఆగింది. డబ్బా మూత తీసింది, పెట్టింది, స్వామి నిటారుగా ఉన్నాడో లేదో చూసింది. "ఇదెవులు సేసేరు? కుంకం ఎట్టుకోడానికి బాగుంది."

మాస్టారు గొంతు సవరించుకుని, "నేను నేర్పిందేనండి. క్రియేటివిటీ అంటే అదే" అన్నారు.

నేను తలూపాను. అబద్ధానికి తలూపినందుకు తర్వాత లెంపలేసుకున్నాను గానీ, ఆ క్షణాన ఆయన్ని ఇంకా గొప్పవాణ్ణి చెయ్యడానికీ సిద్ధమే.

"సర్లే, ఆ కంప్యూటరూ నేర్సుకో. అక్కడా కొంగలే సెయ్యమంటే మాత్రం వచ్చెయ్" అంది అత్త.

కొంగ నాకు ఇప్పటికీ రాదు. కంప్యూటరు మాత్రం అన్నం పెడుతోంది, దేవుడి దయ. కానీ ఆ సాయంత్రం మేడ మెట్లు దిగుతూ, కంప్యూటరు ముందు ఏ ఓణీ వేసుకుని కూర్చోవాలా అని తలెత్తుకుని ఆలోచించిన పిల్లని తలుచుకుంటే నవ్వూ, కాస్త అసూయా కలిసే వస్తాయి. అంత గొప్పగా నేను మళ్ళీ ఏ మెట్లూ దిగలేదు.